కాన్పు తర్వాత పొట్ట తగ్గించే బెల్ట్ కొంటున్నారా? జాగ్రత్త

సిజేరియన్ అయి రెండు వారాలు కూడా కాలేదు, ఒళ్లింకా పచ్చిగానే ఉంది, అలాంటి సమయంలో నేను ఆన్‌లైన్‌లో పొట్ట తగ్గించే బెల్ట్ ఒకటి తెప్పించుకున్నాను. నెల తిరిగేసరికి పాత నడుము వస్తుందని, విడిపోయిన పొట్ట కండరాలు మళ్లీ కలుస్తాయని, డాక్టర్లు సిఫారసు చేశారని ప్రకటనలో రాశారు. ఏ డాక్టరో మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మరో బాలింత నాలాగా ఇబ్బంది పడకూడదని ఇది రాస్తున్నాను.

పెట్టె విప్పితే దళసరి నైలాన్ గుడ్డ, దానిలో నిలువునా కుట్టిన గట్టి ప్లాస్టిక్ పుల్లలు, వరుసగా కొక్కేలు, వాటిపైన వెల్క్రో పట్టీ కనిపించాయి. రోజుకు పది గంటలు, వీలైతే నిద్రలో కూడా కట్టుకోవాలని లోపలి కాగితంలో ఉంది గానీ, కుట్లు ఉన్నవారు ఏం చేయాలో ఒక్క మాటైనా లేదు. మొదటి మూడు రోజులు నడుముకు ఆసరా దొరికినట్లనిపించి సంతోషించాను. తర్వాత కూర్చున్నప్పుడల్లా పుల్లల కొనలు సరిగ్గా కుట్ల గీత మీదే గుచ్చుకోసాగాయి. వారం తిరిగేసరికి చెమటకు ఆ చోటంతా నాని ఎర్రబడింది, లోపలి బట్టకు పసుపుపచ్చని మరక అంటింది. అంతకన్నా భయపెట్టిన సంగతి వేరే ఉంది. తుమ్మినా, బిడ్డను ఎత్తుకుని లేచినా మూత్రం చుక్కలుగా పడేది. కింద ఏదో బరువుగా జారుతున్నట్లు ఉండేది.

మా డాక్టరమ్మ చూసిన వెంటనే బెల్ట్ తీయించి, కుట్లకు మందు రాసి, ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి పంపారు. పొట్టను మధ్యలో బలంగా బిగిస్తే ఆ ఒత్తిడి మాయమైపోదని, కొంత పైకి తన్ని ఊపిరి ఆడనివ్వదని, మిగిలినది కిందికి, అంటే మూత్రాశయాన్నీ గర్భసంచినీ మోసే కటి కండరాల మీదికి దిగుతుందని ఆవిడ ఓపికగా వివరించారు. తొమ్మిది నెలలు బరువు మోసి సాగిపోయిన కండరాలవి. కాన్పు కాగానే దాదాపు కిలో బరువుండే గర్భసంచి తన పాత పరిమాణానికి రావడానికి సుమారు 6 వారాలు పడుతుంది. దాన్ని ఏ బెల్టూ తొందరపెట్టలేదు. విడిపోయిన పొట్ట కండరాలు కూడా చాలామందిలో మొదటి రెండు నెలల్లో వాటంతటవే చాలావరకు దగ్గరపడతాయి. అలా కానివారికి కావలసింది లోపలి కండరాలకు బలమిచ్చే వ్యాయామం, అది కూడా తెలిసినవారు నేర్పితేనే.

బెల్టులన్నీ చెడ్డవని నేను అనడం లేదు. సిజేరియన్ తర్వాత దగ్గినప్పుడు, నడిచేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండేందుకు మెత్తని సాగే పట్టీని డాక్టర్లే కొందరికి ఇస్తారు. అది పొట్టకు ఆసరా ఇస్తుందే తప్ప నొక్కిపెట్టదు. కట్టుకున్నాక నిండుగా ఊపిరి పీల్చుకోగలగాలి, వేళ్లు సులువుగా లోపలికి దూరాలి. నడుము సన్నబడుతుందని చెప్పి అమ్మేది మాత్రం వేరే వస్తువు.

ఒంటికి తగిలిన వస్తువు గనుక వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు చెప్పేశారు. ఆ షరతు వస్తువు పేజీలో చిట్టచివర చిన్న అక్షరాల్లో ఉంది. డబ్బు కట్టేముందే వెతికి చూసుకోండి. అక్కడి అభిప్రాయాలను నమ్మేముందు, అవి ఎన్నాళ్లు వాడాక రాసినవో కూడా గమనించండి. మూడో రోజున అడిగి ఉంటే నేనూ ఐదు నక్షత్రాలు ఇచ్చి ఉండేదాన్ని.

ఇప్పటికే కట్టుకుంటున్నవారు ఈ రోజే తీసి, అద్దంలో కుట్లను ఒకసారి చూసుకోండి. ఎరుపు, చీము, వాసన కనిపించినా, మూత్రం ఆగకపోయినా డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసేంత రక్తస్రావం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఒక కాలి పిక్కలో వాపుతో నొప్పి, ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు మసకబారేంత తలనొప్పి, వీటిలో ఏది వచ్చినా బెల్ట్ బిగువు వల్లేమోనని సరిపెట్టుకోకుండా, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.