పెరట్లో రెండు పెట్టలు: నాటువా, గ్రామప్రియలా?

ముచ్చటకు రెండు పెట్టలను పెంచుకోవాలనుకునేవారు నాటువి తెచ్చుకోవాలా, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియలను తెచ్చుకోవాలా అని తరచుగా తటపటాయిస్తారు.

గుడ్ల లెక్కలో పోటీయే లేదు. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే, గ్రామప్రియ పెరటి పెంపకంలోనూ 150 దాటగలదు.

మేత ఖర్చులో నాటుదే పైచేయి. అది పెంటకుప్ప కెలికి, చెదలు ఏరుకొని, గుప్పెడు నూకలతో సరిపెట్టుకుంటుంది. గ్రామప్రియకు తిరుగుడుతోపాటు కొంత దాణా, పెంకు గట్టిపడేందుకు నత్తగుల్లల పొడి కూడా వేయాలి.

గద్ద నీడ కనబడగానే నాటు పెట్ట చటుక్కున పొదలోకి దూరుతుంది. కొక్కెర తెగులు టీకా, రాత్రివేళ పిల్లి దూరని గూడు మాత్రం రెండింటికీ తప్పవు.

నా దృష్టిలో అసలు ఆనందం గుడ్లు పొదగడంలో ఉంది. గంపలో గడ్డిపై ఈకలు ఉబ్బించి కూర్చున్న నాటు పెట్ట, చేయి చాపితే గుర్రుమంటూ పొడిచి, ఇరవై ఒకటో రోజున రెక్కల కింద నుంచి పిల్లలను చూపించడం ఇంటిల్లిపాదికీ పండుగే. పుంజు లేని ఇంట్లో ఇందుకు పొరుగింటి గుడ్లు అడిగి తెచ్చుకోవాలి. గ్రామప్రియ పొదగడం అరుదు.

పిల్లలకు రోజూ గుడ్డు కావాలనుకునే, ప్రహరీ ఉన్న ఇంటికి గ్రామప్రియలు తగినవి. విశాలమైన దొడ్డి, కాస్త ఓపిక ఉన్నవారికి నాటు పెట్టలే మేలు.