మాట్లాడే అడవి: వివేరోస్ దారి మేలా, కోన్ దారి మేలా, కోపెనావా మాటే మేలా?

అమెజాన్ ఆదివాసుల దృష్టిలో అడవికి తనదైన చూపూ మాటా ఉంటాయని ఎప్పుడు రాసినా వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. “సరే, దీన్ని లోతుగా తెలుసుకోవాలంటే ఎవరితో మొదలుపెట్టాలి? వివేరోస్ డి కాస్ట్రోతోనా, ఎడ్వర్డో కోన్‌తోనా, లేక నేరుగా దవి కోపెనావాతోనా?” మొదటి ఇద్దరూ అమెజాన్ ప్రజల గురించి రాసిన మానవశాస్త్రవేత్తలు, కోపెనావా అక్కడి యానోమామి షామన్, అంటే ఆత్మలతో మాట్లాడే వైద్యుడు. అడిగినవాళ్ళకు విడివిడిగా ఏదో ఒకటి చెప్తూ వచ్చాను. ఈసారి ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఈ పేర్లు ఎంతో కొంత తెలిసినవాళ్ళే అడుగుతున్నారు కాబట్టి యానిమిజాన్ని, అంటే జంతువులకూ చెట్లకూ కూడా ఆత్మ ఉంటుందన్న నమ్మకాన్ని, మొదట్నుంచీ వివరించను.

నేను వీళ్ళను దేనితో కొలుస్తున్నానో ముందే చెప్పడం న్యాయం. అడవి మాట్లాడుతుందని అనడం తేలిక. కానీ మాట అన్నాక తప్పుగా వినబడే అవకాశం ఉండాలి. విన్నవాళ్ళు పొరబడితే ఏదో ఒక నష్టం జరగాలి. పొరపాటుకు చోటే లేని దగ్గర సంభాషణ ఉందంటే నేను నమ్మలేను. అక్కడ ఉన్నది భక్తి కావచ్చు, కవిత్వం కావచ్చు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: అడవి మాటను పొరపాటుగా వినడం అంటే ఏమిటో ఈ ముగ్గురిలో ఎవరు బాగా చూపిస్తున్నారు?

వివేరోస్ డి కాస్ట్రో బ్రెజిల్ మానవశాస్త్రవేత్త. 1980ల మొదట్లో అరవెతే ప్రజల మధ్య ఉండి పనిచేశారు. 1996లో పోర్చుగీసులోనూ 1998లో ఇంగ్లీషులోనూ వచ్చిన వ్యాసంతో ఆయన ప్రతిపాదన ప్రపంచమంతా పాకింది. అదే 1996లో జురూనా ప్రజల పందివేట మీద తానియా స్టోల్జె లిమా రాసిన వ్యాసం కూడా ఇదే దారి వేసింది. ఆమె పేరు చెప్పకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ, అది అన్యాయం.

ఆయన చెప్పేది క్లుప్తంగా ఇది. ప్రతి జీవీ తనను తాను మనిషిగానే చూసుకుంటుంది. మన కంటికి నెత్తురు, జాగ్వార్ అనే చిరుతలాంటి జంతువు కంటికి అది కర్రపెండలం బీరు. కుళ్ళిన మాంసంలో మనకు పురుగులు కనిపిస్తే రాబందుకు కాల్చిన చేపలు కనిపిస్తాయి. మనకు బురద పట్టిన ఉప్పునేల, టేపిర్ అనే పందిలాంటి జంతువుకు పండగ జరిగే పెద్ద ఇల్లు. ఒకే ప్రకృతి మీద రకరకాల సంస్కృతులు ఉంటాయని యూరప్ అనుకుంటే, అమెజాన్ ఆలోచనలో సంస్కృతి ఒక్కటే, ప్రకృతులు అనేకం. తేడా అంతా శరీరంలో ఉంటుంది. మనిషి ఒకప్పుడు జంతువు అని మన పాఠ్యపుస్తకం చెప్తుంది. ఆ కథల్లో మాత్రం జంతువులే ఒకప్పుడు మనుషులు.

దీని బలం నేను తగ్గించి చెప్పను. అడవిలో ప్రాణం ఉందనగానే తెలుగు పాఠకుడికి వనదేవత గుర్తొస్తుంది, దణ్ణం పెట్టుకునే చెట్టు గుర్తొస్తుంది. వివేరోస్ ఆ అలవాటును ఒక్క దెబ్బతో తెంచేస్తారు. ఇక్కడ జాగ్వార్ పూజ అందుకునేది కాదు, మనల్ని తిరిగి చూసేది. దాని చూపులో మనం ఏమిటన్నదే అసలు సమస్య. ఈ మలుపు తిప్పడంలో ఆయనకు సాటి లేదు.

నాకున్న ఇబ్బందులు రెండు. ఈ సిద్ధాంతంలో అడవి కంటే జంతువులే ఎక్కువ, అందులోనూ వేటాడి తినే పెద్ద జంతువులు, మనిషి వేటాడే జంతువులు. ఇది అన్ని జీవులకూ ఒకే తీరున వర్తించదని ఆయనే చెప్పారు. చెట్టు, నేల, చీమ ఇందులో చాలావరకు మౌనంగానే ఉండిపోతాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది రెండోది. జాగ్వార్ నెత్తురును బీరుగా చూడటంలో పొరపాటేమీ లేదు, దాని ప్రపంచంలో అది నిజంగానే బీరు. ఎవరి శరీరం నుంచి వాళ్ళు చూసేది వాళ్ళకు ఒప్పే. మరి తప్పు ఎక్కడ? ఒంటరిగా అడవిలో వెళ్తున్న మనిషిని ఏదో పలకరిస్తుంది. అతను జవాబిస్తే దాని చూపులోకి లాగబడతాడు, జబ్బుపడతాడు, లేదా ఇక మనిషిగా తిరిగి రాడు. వివేరోస్ ఈ ప్రమాదాన్ని బాగా వివరించారు. కానీ అది అంచున జరిగే సంఘటన, షామన్లు దాటగల హద్దు. పొద్దున లేచి వేటకు వెళ్ళే మామూలు మనిషి గంటగంటకూ పడే పొరపాట్లు అందులో కనిపించవు. బ్రెజిల్‌కే చెందిన మానవశాస్త్రవేత్త ఆల్సిదా రామోస్ 2012లో ఈ సిద్ధాంతాన్ని గట్టిగా విమర్శించారు. వందలాది ప్రజల ఆలోచనలను ఒకే మూసలో పోస్తోందన్నది ఆమె అభ్యంతరం. అందులో నిజం ఉందని నాకనిపిస్తుంది.

కోన్ దగ్గరికి వస్తే నేల మీదికి దిగినట్టు ఉంటుంది. ఈక్వెడార్‌లో ఎగువ నాపో ప్రాంతంలోని అవిలా అనే రూనా ఆదివాసుల గ్రామంలో 1990ల చివర్లో ఆయన చేసిన పని 2013లో పుస్తకమైంది. సుమాకో అగ్నిపర్వతం పాదాల దగ్గర వేటగాళ్ళ గుడిసెలో పడుకోబోతుంటే ఆయనకు ఒక హెచ్చరిక వచ్చింది: వెల్లకిలా పడుకో. జాగ్వార్ వస్తే నువ్వు తిరిగి చూడగలవని దానికి తెలుస్తుంది, వదిలేసి వెళ్తుంది. బోర్లా పడుకుంటే మాంసం అనుకుంటుంది. వివేరోస్ చెప్పిందే ఇక్కడా ఉంది. అయితే పడుకునే భంగిమ దగ్గరికి దిగింది. జాగ్వార్ తప్పుగా చదవవచ్చు, మనం తప్పుగా కనబడవచ్చు. ఆ తప్పుకు మూల్యం ప్రాణం.

పియర్స్ అనే అమెరికన్ తత్వవేత్త నుంచి కోన్ సంకేతాల సిద్ధాంతం తెచ్చుకున్నారు. పోలికతో పనిచేసే సంకేతాలు, ఒకటి మరొకదాన్ని చూపే సంకేతాలు, ఒప్పందంతో నడిచే సంకేతాలు అని మూడు రకాలు. మనిషి భాష మూడో రకం మీద నిలబడింది. మొదటి రెండూ ప్రాణమున్న ప్రతిదాని దగ్గరా ఉన్నాయి. అడవి మాట్లాడాలంటే మనిషిలా మాట్లాడాల్సిన అవసరం లేదని తేలిపోయే చోటు ఇదే.

ఆయన చూపించే ఉదాహరణలు చూడండి. కొమ్మల్లో దాక్కున్న వూలీ కోతిని బయటికి రప్పించడానికి ఒక వేటగాడు పక్కనే ఉన్న తాటిజాతి చెట్టును నరికి పడేస్తాడు. ఆ చప్పుడు కోతికి ఒక సంకేతం. ఏం జరిగిందో దానికి తెలియదు, ఏదో ప్రమాదం ఉందని మాత్రం పోల్చుకుని మరో కొమ్మకు దూకుతుంది. కోతి ఊహించింది, ఊహ మీద కదిలింది. ఆకులు కత్తిరించే చీమల్లో రెక్కలున్నవి ఏడాదిలో ఏ తెల్లవారుజామున ఎగురుతాయో ఊరంతా కనిపెట్టుకుని ఉంటుంది. వానలు, మబ్బులు, మిగతా జీవుల తీరు అన్నీ చూసి అంచనా వేస్తారు. అంచనా తప్పితే ఆ పూట చీమలు దొరకవు. నేలకు కూడా ఇక్కడ మాట ఉంది. సారం తక్కువైన నేలలో మొలిచే మొక్కలు తమను తినే పురుగుల నుంచి కాపాడుకోవడానికి విషాల మీద ఎక్కువ ఖర్చుపెట్టాలి, పోయిన ఆకును మళ్ళీ పెంచుకోవడం వాటికి భారం. అంటే నేలల మధ్య తేడా పురుగుల ద్వారా మొక్కల ఒంట్లోకి వచ్చి చేరింది. మనుషులెవరూ లేకపోయినా ఒకటి మరొకదాన్ని చదువుతూనే ఉంటుంది.

వీటన్నిటికంటే నన్ను పట్టేసింది కుక్కల సంగతి. ఊళ్ళో కొన్ని కుక్కలు అడవిలోకి వెళ్ళి తిరిగి రాలేదు, పూమా అనే పెద్ద అడవిపిల్లి చంపేసింది. ఆ ఇంటి ఆడవాళ్ళు కూర్చుని కుక్కలు చివర్లో ఎలా మొరిగి ఉంటాయో ఒక్కో అరుపునూ ఊహిస్తారు: వేటను చూసినప్పటి అరుపు, మీదపడేటప్పటి అరుపు, దెబ్బ తగిలినప్పటి అరుపు. లేత గోధుమ రంగులో ఉన్న పూమాను చూసి జింక అనుకుని ఉంటాయని వాళ్ళ అనుమానం. ఆ తర్వాత వాళ్ళను కలవరపెట్టిన ప్రశ్న మరొకటి: రాబోయే చావు ఆ కుక్కలకు కలలో ఎందుకు తెలియలేదు? కుక్కలే తమ కలను చదవలేకపోతే మనుషులు దేన్ని నమ్ముకోవాలి?

దారి తప్పిన కుక్కకు బుద్ధి చెప్పే పద్ధతి కూడా ఉంది. త్సీత అనే మత్తు కలిగించే మొక్క మందు పోసి, మూతి కట్టి, దాంతో మాట్లాడతారు. కోళ్ళను కరవకూడదని, జంతువులను తరమాలని, అబద్ధమాడకూడదని చెప్తారు. వేట లేకుండా వేట ఉన్నట్టు మొరగడమే కుక్క అబద్ధం. అబద్ధానికి కూడా చోటున్న సంభాషణ ఇది. నా కొలతకు ఇంతకంటే బాగా సరిపోయేది మరొకటి దొరకలేదు.

కోన్‌లో లోపాలు లేవని కాదు. పియర్స్ బరువు కొన్ని అధ్యాయాల్లో ఎక్కువైంది. అడవి ఆలోచిస్తుందన్న తీర్మానం రూనా ప్రజలదా, ఆయనదా అన్నది తేలని చోట్లు ఉన్నాయి. చమురు తవ్వకం గురించి ఇంకా చెప్పాల్సింది. కానీ చరిత్రను పూర్తిగా వదిలేశారని అనలేం. వేటజంతువులకు యజమానులైన ఆత్మలు అక్కడి జనానికి తెల్లదొరల్లా, పోలీసుల్లా కలలోకి వస్తాయి, వాళ్ళ లోకం రాజధాని కీటో నగరంలా ఉంటుంది. రబ్బరు వ్యాపారం కాలం నుంచి ఆ నేల మీద సాగిన పెత్తనం అడవి లోపలికి కూడా వెళ్ళి కూర్చుందని ఆయన చూపించారు.

దవి కోపెనావాను ఈ ఇద్దరి వరుసలో పెట్టడమే ఒక రకంగా తప్పు, ఎందుకంటే ఆయన ఎవరి గురించో రాయడం లేదు. యానోమామి షామన్, నాయకుడు. 1967లో మిషనరీల ద్వారా వచ్చిన తట్టు ఆయన తల్లినీ బంధువులనూ పొట్టనబెట్టుకుంది. 1987 తర్వాత బంగారం కోసం వేలాదిమంది అక్రమంగా వాళ్ళ అడవిలోకి చొరబడ్డారు. 1992లో సుమారు 96,000 చదరపు కిలోమీటర్ల భూమికి అధికారిక గుర్తింపు వచ్చాక కూడా 1993లో బంగారం తవ్వేవాళ్ళు యానోమామి ప్రజలను చంపిన హషిమూ ఊచకోత జరిగింది. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త బ్రూస్ అల్బెర్‌తో కలిసి ఆయన చెప్పుకున్న కథనం 2010లో ఫ్రెంచిలో, 2013లో ఇంగ్లీషులో వచ్చింది.

అందులో పాటల చెట్లు ఉన్నాయి. వాటి మాను నిండా పెదవులు. అవి ఆగకుండా పాడుతుంటే షపిరి అనే ఆత్మలు వచ్చి ఆ పాటలు నేర్చుకుని షామన్లకు అందిస్తాయి. యాకోవానా అనే మత్తు పొడి పీల్చినవాళ్ళకే ఆ ఆత్మలు కనిపిస్తాయి. ఇక పొరపాటు విషయానికొస్తే, కోపెనావా దాన్ని మనవైపు తిప్పుతారు. సృష్టికర్త ఒమామ లోహాలను నేల అడుగున దాచాడు. అవి ఎందుకు దాగి ఉన్నాయో తెల్లవాళ్ళు అడగలేదు, తవ్వారు. ఆ తవ్వకం నుంచి లేచిన పొగే జబ్బై అందరినీ తింటోంది. ఆకాశాన్ని నిలబెట్టే షామన్లు చనిపోతే అది మళ్ళీ కూలుతుంది. తెల్లవాళ్ళు ఎంత నిద్రపోయినా తమ గురించే కలగంటారన్నది ఆయన ఆరోపణ. కోన్ దగ్గర పొరబడింది మూడు నాలుగు కుక్కలైతే ఇక్కడ పొరబడింది ఒక నాగరికత. అక్రమ బంగారు తవ్వకం తెచ్చిన జబ్బుల వల్ల 2023 జనవరిలో యానోమామి ప్రాంతంలో బ్రెజిల్ ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ వార్తలు చదివాక ఆ పొగను ఉపమానమని నేను అనలేను.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఫిలిప్ దెస్కోలా అమెజాన్‌లోని అచువార్ ప్రజల గురించి రాసినవి చదవాల్సినవే. ఆడవాళ్ళు కర్రపెండలం మొక్కలతో పిల్లలతో మాట్లాడినట్టు, మగవాళ్ళు వేటజంతువులతో బావమరుదులతో మాట్లాడినట్టు పాటలతో మాట్లాడతారు. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లులకు వెళ్ళే దుంపే అది, దక్షిణ అమెరికా నుంచే వచ్చింది. కానీ మనుషులు ప్రకృతిని చూసే తీరులను నాలుగు గదుల్లో పెట్టిన దెస్కోలా తర్వాతి వర్గీకరణ మొదటిసారి చదివేవాళ్ళకు అవసరం లేదు. చెట్లు వేళ్ళ దగ్గరి శిలీంధ్రాల ద్వారా కార్బన్ ఇచ్చిపుచ్చుకుంటాయన్న 1997 నాటి కెనడా శాస్త్రవేత్త సుజాన్ సిమార్డ్ పరిశోధనను దీనికి రుజువుగా చూపేవాళ్ళు ఉన్నారు. ఆ రంగంలో ప్రచారం ఆధారాలను మించిపోయిందని 2023లో ఒక సమీక్ష హెచ్చరించింది. అది వేరే చర్చ, రూనా ప్రజలకు ఆ రుజువుతో పనిలేదు. ఈక్వెడార్ అమెజాన్‌లోని సరయాకు ప్రజల సంగతి మాత్రం తప్పక తెలుసుకోండి. తమను సంప్రదించకుండా అడవిలో చమురు అన్వేషణకు అనుమతిచ్చి, పేలుడు పదార్థాలు పాతిపెట్టనిచ్చినందుకు ఈక్వెడార్ ప్రభుత్వంపై వాళ్ళు 2012లో అంతర-అమెరికా మానవహక్కుల కోర్టులో గెలిచారు. 2018లో తమ అడవిని ‘కవ్సాక్ సచా’, అంటే బతికున్న అడవి అని లోకానికి ప్రకటించారు.

వరుస అడిగితే నాది ఇది: ముందు కోన్, వెంటనే కోపెనావా, ఆ తర్వాత వివేరోస్. కోన్ చెవిని సిద్ధం చేస్తారు. ఆ చెవితో వింటే పెదవులున్న చెట్టు కట్టుకథలా అనిపించదు. వివేరోస్‌తో మొదలుపెట్టినవాళ్ళు కోపెనావా ప్రతి మాటనూ సిద్ధాంతానికి ఉదాహరణగా మార్చేయడం చాలాసార్లు చూశాను. అది ఆయనకు అన్యాయం చేస్తుంది. ఒక్కదానికే సమయం ఉందనేవాళ్ళు కోన్‌లో కుక్కల అధ్యాయం చదవండి, మిగతాది తర్వాత. మానవశాస్త్రంలో పరిశోధనకు సిద్ధమయ్యేవాళ్ళు మాత్రం ఈ వరుసను తిరగేయక తప్పదు. వివేరోస్ 1998 వ్యాసం చదవకుండా మిగతా చర్చ అంతుపట్టదు. దాంతోపాటే లిమా వ్యాసం, రామోస్ విమర్శ కూడా చదవండి, ఆరు నెలల తర్వాత కాదు.