చైల్డ్ ప్రాసెస్‌లో ఫైల్ డిస్క్రిప్టర్లు మూయడానికి ఏది మేలు: లూపా, ప్రాక్ లిస్టా, క్లోజ్_రేంజా?

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ప్రాజెక్టుల కోసం సిస్టమ్స్ కోడ్ రాసే పిల్లలు, ఇక్కడి చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. "ఫోర్క్ అయ్యాక మూడు నుంచి లిమిట్ దాకా లూప్ పెట్టి క్లోజ్ చేసేస్తే చాలదా అన్నా? అందరూ రాసేది అదే కదా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడితే బాగుంటుందనిపించింది. ఈ మధ్యే ఒక పనిలో నేనూ వీటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సి వచ్చింది కాబట్టి కారణాలన్నీ ఇంకా గుర్తున్నాయి.

ఫోర్క్ (ప్రాసెస్ తన నకలుగా చైల్డ్‌ని పుట్టించడం), ఎగ్జెక్ (ఆ చైల్డ్ వేరే ప్రోగ్రామ్‌గా మారడం) తెలిసినవాళ్ల కోసమే ఇది. ఫైల్ డిస్క్రిప్టర్ అంటే ప్రాసెస్ తెరిచిన ఫైల్, పైపు, సాకెట్ లాంటిదానికి కెర్నల్ ఇచ్చే నంబరు. 0, 1, 2 మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్‌లవి, అందుకే మూయడం మూడు నుంచి. ఫోర్క్ అయితే ఇవన్నీ చైల్డ్‌కీ వస్తాయి. అసలెందుకు మూయాలంటే, పైపులో రాసే కొస చైల్డ్‌లో తెరిచే ఉండిపోతే అవతల చదివేవాళ్లకు ఎండ్ ఆఫ్ ఫైల్ ఎప్పటికీ రాదు, ప్రోగ్రామ్ అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. లిజనింగ్ సాకెట్ చైల్డ్‌కి దాటిపోతే, పేరెంట్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు పోర్టు దొరకదు. డిలీట్ చేసిన లాగ్ ఫైల్ జాగా డిస్క్ మీద ఖాళీ కాదు. ఎఫ్‌లాక్‌తో వేసిన లాక్ పేరెంట్ పోయినా విడదు, ఆ లాక్ ప్రాసెస్‌ని కాకుండా తెరిచిన ఫైల్‌ని పట్టుకుని ఉంటుంది మరి. ఇవన్నీ తప్పు ఒకచోట జరిగి ఇంకోచోట బయటపడే రకం. అందుకే వెతకడానికి రోజులు పడుతుంది.

ఇక లూప్ సంగతి. సిస్‌కాన్ఫ్ ఫంక్షన్‌ని అడిగి ఒక ప్రాసెస్ తెరవగల డిస్క్రిప్టర్ల గరిష్ఠ సంఖ్య, అంటే లిమిట్, తెలుసుకుని, మూడు నుంచి అక్కడిదాకా ఒక్కొక్కటీ క్లోజ్ చెయ్యడం. సాఫ్ట్ లిమిట్ 1024 ఉన్న మెషీన్ మీద ఇది కనురెప్ప పాటులో అయిపోతుంది. పాత పుస్తకాల్లో, పాత డీమన్ కోడ్‌లో ఇదే ఉండడానికి కారణం అదే. చిక్కంతా ఆ లిమిట్ మన చేతిలో లేకపోవడంలో ఉంది.

చిత్తూరు వైపు జూన్, జూలై వస్తే గుజ్జు ఫ్యాక్టరీల ముందు బెంగళూరా మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. అలాంటి ఒకచోట వేబ్రిడ్జి మీద ప్రతి తూకానికి ఒక స్లిప్పు రావాలి. సర్వర్ ప్రోగ్రామ్ ఒక్కో స్లిప్పుకి పీడీఎఫ్ తయారుచేసే వేరే ప్రోగ్రామ్‌ని లేపుతుంది. పాత మెషీన్ మీద ఎప్పుడూ ఇబ్బంది లేదు. సర్వర్‌ని కంటైనర్‌లోకి మార్చిన రోజు నుంచి ఒక్కో స్లిప్పుకి నిమిషం దాటుతోంది, డ్రైవర్లు ఎండలో నిలబడి ఉన్నారు. ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) పెట్టి చూస్తే చైల్డ్ చేస్తున్న పని ఒక్కటే: లేని డిస్క్రిప్టర్ని క్లోజ్ చెయ్యడం, ఈబ్యాడ్ఎఫ్ ఎర్రర్ తెచ్చుకోవడం, తర్వాతి నంబరుకి పోవడం. కంటైనర్ లోపల లిమిట్ 1,073,741,816. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) 240 వెర్షన్ నుంచి కెర్నల్‌లోని పై హద్దును బాగా పెంచేసింది. కంటైనర్ సర్వీసు ఫైల్‌లో లిమిట్ "ఇన్ఫినిటీ" అని ఉంటే లోపలికి వచ్చేది ఆ పెద్ద సంఖ్యే. ఒక్కో విఫలమైన క్లోజ్‌కి 100 నానోసెకన్లు అనుకున్నా మొత్తం 107 సెకన్లు. ప్రోగ్రామ్‌లో నిజంగా తెరిచి ఉన్నవి ముప్పై కూడా లేవు.

దీనికి "లిమిట్ తగ్గించేస్తే పోలా" అంటారు. అప్పటికి గండం గడుస్తుంది, నిజమే. కానీ లిమిట్ తగ్గించినంత మాత్రాన అంతకుముందే పెద్ద నంబరుతో తెరిచిన డిస్క్రిప్టర్లు మూసుకుపోవు. లూప్ కొత్త లిమిట్ దగ్గర ఆగిపోతుంది, దాని పైనున్నవి చైల్డ్‌కి దాటిపోతాయి. అంటే లూప్ నెమ్మదే కాదు, కొన్ని సందర్భాల్లో తప్పు కూడా. నేను దాన్ని చివరి గత్యంతరంగా తప్ప ఎక్కడా రాయను.

రెండోది, ప్రాక్ (కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లలా చూపించే డైరెక్టరీ) కింద సెల్ఫ్/ఎఫ్‌డీ డైరెక్టరీ చదివి అందులో కనిపించినవి మాత్రమే మూయడం. సత్రంలో ప్రతి గది తలుపూ కొట్టుకుంటూ పోకుండా రిజిస్టర్ చూసి మనుషులున్న గదులకే వెళ్లినట్టు. ఖర్చు లిమిట్‌ని బట్టి కాకుండా తెరిచి ఉన్న వాటిని బట్టి ఉంటుంది. 30 ఉంటే 30 క్లోజ్‌లే. ఆలోచన చక్కనిది, చాలాకాలం ఇదే ఉత్తమం కూడా.

అయితే దీన్ని సరిగ్గా రాయడం చూసినంత తేలిక కాదు. థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య సిగ్నల్ హ్యాండ్లర్‌లో పిలవదగ్గ ఫంక్షన్లు తప్ప వేరేవి పిలవకూడదు. డైరెక్టరీని తెరిచే ఓపెన్‌డిర్, మెమరీ అడిగే మాలాక్‌ని పిలుస్తుంది. ఆ క్షణంలో ఇంకో థ్రెడ్ మాలాక్ లాక్ పట్టుకుని ఉంటే చైల్డ్ అక్కడే ఆగిపోవచ్చు. అందుకే పైథాన్ సబ్‌ప్రాసెస్ లోపలి సీ కోడ్ ఓపెన్‌డిర్ జోలికి పోకుండా, లినక్స్ మీద గెట్‌డెంట్స్64 సిస్టమ్ కాల్‌ని నేరుగా పిలిచి స్టాక్ మీది బఫర్‌లోకి చదువుకునేలా రాశారు. డైరెక్టరీని తెరవడానికీ ఒక డిస్క్రిప్టర్ కావాలి. లిమిట్ అంతా నిండిపోయి ఉంటే అదీ దొరకదు. క్రూట్ (ప్రాసెస్‌కి రూట్ డైరెక్టరీని మార్చే ఏర్పాటు) లోపల ప్రాక్ మౌంట్ కాకపోతే చదవడానికి డైరెక్టరీయే ఉండదు. చదువుతూ ఉన్న డైరెక్టరీ డిస్క్రిప్టర్నే పొరపాటున మూసెయ్యకుండా దాటవెయ్యాలి. ఇవన్నీ చూసుకుంటే పనిచేస్తుంది, కానీ ఇంత జాగ్రత్త అందరూ తీసుకోరు.

నా దృష్టిలో నిర్ణయం జరిగేది ఇక్కడే, ఆ ఫోర్క్‌కీ ఎగ్జెక్‌కీ మధ్య ఉన్న ఇరుకు సందులో. వేగం గురించి అందరూ మాట్లాడతారు. అంతకన్నా ముందు అడగాల్సింది: మెమరీ అడగకుండా, కొత్త ఫైల్ తెరవకుండా, బయట ఎవరో పెట్టిన లిమిట్ మీద ఆధారపడకుండా ఆ సందులో పని అయిపోతుందా? ఈ మూడింటికీ అవునని చెప్పేది క్లోజ్_రేంజ్ ఒక్కటే.

ఇది లినక్స్ 5.9లో, 2020 అక్టోబరులో వచ్చింది. మొదటి నంబరు, చివరి నంబరు, ఫ్లాగులు ఇస్తే మధ్యవన్నీ ఒక్క సిస్టమ్ కాల్‌లో మూసేస్తుంది. చివరి నంబరుగా అతిపెద్ద అన్‌సైన్డ్ సంఖ్య ఇచ్చినా ఫరవాలేదు, కెర్నల్ ప్రాసెస్ డిస్క్రిప్టర్ టేబుల్ ఎంతవరకు పెరిగిందో అంతవరకే చూస్తుంది. లిమిట్ వంద కోట్లున్నా దానికి పట్టదు. లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో దీనికి ఫంక్షన్ 2.34 వెర్షన్‌లో, 2021 ఆగస్టులో చేరింది. అంతకన్నా పాత జీలిబ్‌సీ ఉంటే సిస్టమ్ కాల్‌ని నంబరుతో పిలుచుకోవచ్చు, ఎక్స్86-64 మీద అది 436.

నాకు మరీ నచ్చింది 5.11లో కలిసిన క్లోజ్_రేంజ్_క్లోఎగ్జెక్ ఫ్లాగు. ఇది డిస్క్రిప్టర్లను అప్పటికప్పుడు మూయదు, ఎగ్జెక్ జరిగినప్పుడు మూసుకునేలా గుర్తు పెడుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చైల్డ్‌ని లేపే కోడ్ రాసినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఎగ్జెక్ విఫలమైతే ఆ సంగతి పేరెంట్‌కి చెప్పడానికి చైల్డ్ దగ్గర ఒక ఎర్రర్ పైపు ఉండాలి. ఎగ్జెక్ సఫలమైతే ఆ పైపు దానంతటదే మూసుకుపోయి పేరెంట్‌కి ఎండ్ ఆఫ్ ఫైల్ అందాలి. అన్నీ మూసేసే పద్ధతిలో ఈ పైపుని తప్పించడానికి రేంజ్‌ని రెండు ముక్కలు చేసుకోవాలి. కావాలని దాటించే డిస్క్రిప్టర్లు ఇంకో మూడు ఉంటే ముక్కలు ఐదు. క్లోఎగ్జెక్ ఫ్లాగుతో అయితే మూడు నుంచి చివరిదాకా అన్నింటికీ ఒకేసారి గుర్తు పెట్టేసి, తర్వాత దాటించాల్సిన వాటికి మాత్రం గుర్తు తీసేస్తే సరి. పైపు ఎగ్జెక్ దాకా బతికే ఉంటుంది.

వరుస మాత్రం తప్పకూడదు. ముందు గుర్తు పెట్టాలి, ఆ తర్వాతే డప్2లు (డిస్క్రిప్టర్ని ఇంకో నంబరుకి నకలు చేసే కాల్స్). డప్2తో వచ్చిన కొత్త నంబరుకి ఆ గుర్తు ఉండదు, అదే మనకు కావాల్సింది. కానీ పాత నంబరు, కొత్త నంబరు ఒకటే అయితే డప్2 ఏమీ చెయ్యదు, గుర్తు అలాగే ఉండిపోతుంది. అక్కడ ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో తీసెయ్యాలి. చైల్డ్‌కి ఇచ్చామనుకున్న డిస్క్రిప్టర్ అక్కడ కనిపించకపోతే మొదట చూడాల్సింది ఇదే.

దీనికి వెర్షన్ల ఇబ్బంది ఉంది, కాదనను. ఉబుంటు 20.04 మొదట వచ్చిన 5.4 కెర్నల్‌తో నడుస్తుంటే ఈ సిస్టమ్ కాల్ లేదు, ఈనోసిస్ (అలాంటి కాల్ లేదనే ఎర్రర్) వస్తుంది. డెబియన్ 11లో కెర్నల్ 5.10 కాబట్టి కాల్ ఉంది, క్లోఎగ్జెక్ ఫ్లాగు లేదు, ఈఇన్వాల్ (ఇచ్చిన విలువ చెల్లదనే ఎర్రర్) వస్తుంది. ఉబుంటు 22.04, డెబియన్ 12లో రెండూ ఉన్నాయి. కొన్ని పాత కంటైనర్ సెటప్‌లలో సిస్టమ్ కాల్స్‌ని అడ్డుకునే సెక్‌కాంప్ ఫిల్టర్ తనకు తెలియని కాల్‌కి ఈనోసిస్ బదులు ఈపెర్మ్ (అనుమతి లేదనే ఎర్రర్) ఇస్తుంది. అందుకని ఫలానా ఎర్రర్ వస్తేనే అని కాకుండా, క్లోజ్_రేంజ్ ఏ కారణంతో విఫలమైనా ప్రాక్ పద్ధతికి, అదీ కుదరకపోతే లూప్‌కి దిగేలా రాసుకోవడం క్షేమం. వేబ్రిడ్జి దగ్గర నేను పెట్టింది ఇదే. అక్కడి కెర్నల్ కొత్తదే కాబట్టి మొదటి మెట్టు దాటి కిందికి దిగాల్సిన పని రాలేదు, స్లిప్పులు మళ్లీ వెంటనే వస్తున్నాయి.

ఇక ఓ_క్లోఎగ్జెక్. "తెరిచేటప్పుడే ఆ ఫ్లాగు పెడితే ఈ గొడవంతా ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. ఆ అలవాటు తప్పక ఉండాలి. తెరిచాక ఎఫ్‌సీఎన్‌టీఎల్‌తో పెడదామంటే ఆ రెండింటి మధ్య ఇంకో థ్రెడ్ ఫోర్క్ చేసెయ్యొచ్చు. దీనికోసమే లినక్స్ 2.6.23లో ఈ ఫ్లాగు, 2.6.27లో పైప్2, డప్3, 2.6.28లో యాక్సెప్ట్4 వచ్చాయి. ఏదో లైబ్రరీ మనకు తెలియకుండా లోపల సిస్టమ్ ఫంక్షన్‌ని పిలిచి చైల్డ్‌ని లేపితే కాపాడేది ఇదొక్కటే, మన క్లోజ్_రేంజ్ అక్కడిదాకా పోదు. గో, రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీలు తామంతట తామే ఇలా తెరుస్తాయి. పైథాన్ 3.4 నుంచి కొత్త డిస్క్రిప్టర్లు చైల్డ్‌కి దాటవు. కానీ మన ప్రోగ్రామ్‌లో కలిసిన ప్రతి సీ లైబ్రరీ ఇది పాటిస్తుందన్న హామీ లేదు. కాబట్టి రెండూ కావాలి. ఒక్కటే ఎంచుకోమంటే, చైల్డ్‌ని లేపే కోడ్ మన చేతిలో ఉన్నప్పుడు నేను క్లోజ్_రేంజ్ వైపే ఉంటాను.

పైథాన్ వాళ్లకు ఒక మాట. సబ్‌ప్రాసెస్‌లో క్లోజ్_ఎఫ్‌డీస్ 3.2 నుంచి ట్రూగా ఉంది. స్పీడ్ కోసమని ఫాల్స్ పెట్టే సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. లూప్ భయం పోయాక దానికి కారణం లేదు, అలాగే వదిలేయండి. దాటించాల్సినవి ఉంటే పాస్_ఎఫ్‌డీస్‌లో ఇవ్వండి.

మిగతావి: ఫోర్క్, ఎగ్జెక్ కలిపి చేసే పాజిక్స్_స్పాన్ ఫంక్షన్‌తో సరిపోయే పనైతే జీలిబ్‌సీ 2.34లోనే క్లోజ్‌ఫ్రమ్ (ఫలానా నంబరు నుంచి పైవన్నీ మూసే) యాక్షన్ ఉంది, వాడేయండి. బీఎస్‌డీలు, సొలారిస్ మీద క్లోజ్‌ఫ్రమ్ ఎప్పటినుంచో ఉంది. విండోస్‌లో హ్యాండిళ్లు అడిగితేనే దాటుతాయి కాబట్టి అక్కడ ప్రశ్నే వేరు.

అన్నీ మూయకూడని చోటు కూడా ఉంది. మీరు రాసేది ఇంకో ప్రోగ్రామ్‌ని యథాతథంగా నడిపే చిన్న రాపర్ అయితే, వచ్చినవి వచ్చినట్టు దాటించాలి. సిస్టమ్‌డీ సాకెట్ యాక్టివేషన్‌లో సాకెట్లు మూడో నంబరు నుంచే మొదలవుతాయి. మేక్ జాబ్‌సర్వర్ కూడా తన పైపుని డిస్క్రిప్టర్లుగా చైల్డ్‌కి అందించవచ్చు. వాటిని మూసేస్తే పైవాళ్ల ఏర్పాటు మొత్తం చెడిపోతుంది.

ఏ పద్ధతి పెట్టినా, మీ ప్రోగ్రామ్ చేతనే ఎల్ఎస్ కమాండ్‌ని చైల్డ్‌గా లేపి, ప్రాక్ కింది సెల్ఫ్/ఎఫ్‌డీని పొడవు లిస్టుగా చూపించమనండి. 0, 1, 2, వాటితోపాటు 3 కనిపించాలి. ఆ మూడోది ఎల్ఎస్ తాను చదవడానికి తెరుచుకున్న డైరెక్టరీయే. అంతకు మించి ఏ నంబరు కనిపించినా, అది చూపించే ఫైల్ లేదా సాకెట్‌ని బట్టి మీ కోడ్‌లో దాన్ని ఎక్కడ తెరిచారో వెతకడం మొదలుపెట్టండి.