జాలి లేని కారుకు జాలి తొడిగించి మూడేళ్లు

ముందే చెప్తున్నా, ఈ కారు ఎంత స్పీడు పోతుంది, సౌండ్ ఎలా ఉంటుంది, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, ఇలాంటివేవీ ఇందులో ఉండవు. అవి అందరికీ తెలిసినవే. నేను రాసేది బంపర్‌లో ఉండే రెండు బొక్కల గురించి, ఆ బొక్కలకు నేను పెట్టించిన స్టీల్ జాలి గురించి. కంపెనీ పేరు కూడా రాయను. రెండు సీట్లు, ఇంజన్ సీట్ల వెనక, ఇంజన్ నీళ్లు చల్లబడే రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో, ఆ బొక్కల వెనకే అంటే తెలిసినవాళ్లకు అర్థమైపోతుంది.

2012 మోడల్‌ది, 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కొన్న నెలకే మా ఊరికి, హిందూపురం పక్కన పల్లెకు, తీసుకెళ్లాను. ఊళ్లో పిల్లలంతా చుట్టూ చేరి స్టీరింగ్ పట్టుకుంటుంటే మా నాన్న మాత్రం పంచె ఎగ్గట్టి ముందు గొంతుక్కూర్చుని, బంపర్ మూలలో ఉన్న ఖాళీలోకి చెయ్యి పెట్టి చూశారు. "ఏమిరా, దీనికి జాలి లేదే?" అన్నారు. "జర్మనీ వాళ్లు నాయనా, గాలి లెక్కలన్నీ చూసే కట్టింటారు" అన్నాను గొప్పగా. "మన ట్రాక్టర్‌కే ఉంది కదరా జాలి" అని లేచి చేతులు దులుపుకుని వెళ్లిపోయారు. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఓ చిన్న స్కూటర్ ఖరీదు మిగిలేది.

2022 సంక్రాంతికి ఊరికి వెళ్లి తిరిగి బెంగళూరు వస్తున్నాం. హిందూపురం నుంచి చిలమత్తూరు మీదుగా హైవే ఎక్కే దారిలో ఆ రోజుల్లో రోడ్డు మీదే ఉలవ కట్టె, రాగి గడ్డి పరిచి ఉంటారు. బండ్లు తొక్కితే గింజలు రాలిపోతాయి, రైతుకు నూర్పిడి ఖర్చు తప్పుతుంది. మామూలు కారయితే ఏం కాదు. నాది నేలకు చాలా తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి గడ్డి తొక్కి పోవడం కాదు, గడ్డిని మింగుతూ పోవడమే. అదయ్యాక కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎన్‌హెచ్ 44 ఎక్కాం. బాగేపల్లి దాటాక ముందు ఒక జల్లి (కంకర) టిప్పర్. పైన టార్పాలిన్ లేదు, కట్టామని చూపించడానికి ఒక మూల మాత్రం వేలాడుతోంది. ఓవర్‌టేక్ చేయబోతుంటే కుడివైపు టక్‌మని ఒక దెబ్బ. పెయింట్ పోయిందిరా అనుకుని నాలుగు తిట్టుకుని ముందుకు పోయాను.

ఓ పది కిలోమీటర్ల తర్వాత మా ఆవిడ, "ఏమండీ, అరిసెల డబ్బా మూత ఊడిందేమో, పాకం వాసన వస్తోంది" అంది. నాకూ వచ్చింది. ఏసీలోంచి తియ్యగా, కాస్త మాడిన బెల్లం పాకం లాంటి వాసన. ముందు డిక్కీలో అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా ఉంది మరి. పక్కన ఆపి డిక్కీ తెరిచి చూస్తే మూత బిగించినట్టే ఉంది, పైన అమ్మ చుట్టిన ప్లాస్టిక్ కవర్ కూడా కదల్లేదు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడి కిందికి చూస్తే కుడి చక్రం ముందు గులాబీ రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా. అప్పటికి డ్యాష్‌లో టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటే ఉంది. కూలెంట్ తగ్గిందన్న లైటు మేము ఆగి ఇంజన్ ఆపబోతుంటే వెలిగింది. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, నీళ్లు పూర్తిగా దిగిపోతే సెన్సర్‌కు తగిలేది నీళ్లు కాదు కాబట్టి ముల్లు చెప్పేది నమ్మడానికి లేదు. అరిసెల పుణ్యమా అని ముందే ఆగాం. లేకపోతే వేడికి ఇంజన్ పైభాగం, అల్యూమినియం హెడ్, వంకర పోయేది, ఆ బిల్లు ముందు రేడియేటర్ బిల్లు లెక్కలోకే రాదు.

పక్కనే పంక్చర్ షాపు. చిక్కబళ్లాపురం వైపు సగం మంది తెలుగే మాట్లాడతారు, మాటకు ఇబ్బంది లేదు. ఆ షాపాయన కిందికి వంగి చూసి, "చిన్న లీకే సార్, ఒక పిడికెడు పసుపు వేద్దామా, మా లారీలకు అదే వేస్తాం, ఊరు చేరిపోతారు" అన్నాడు. జోక్ కాదు, నిజంగానే లారీ వాళ్ల చిట్కా అది. పసుపు పోయి చిల్లులో ఇరుక్కుని కాసేపు ఆపుతుంది. కాకపోతే నా బండిలో రేడియేటర్లు ముందు, ఇంజన్ వెనక. కూలెంట్ కారు పొడవునా పైపుల్లో పోయి రావాలి. ఆ పసుపు ఎక్కడ పేరుకుంటుందో ఎవరికి తెలుసు. వద్దన్నాను. ఆయన పాపం మంచివాడు, టీ తెప్పించాడు. ఒక వీధికుక్క వచ్చి కింద పడిన ఆ గులాబీ నీళ్లు వాసన చూస్తుంటే తరిమి పైన మట్టి పోశాం. ఆ తియ్యటి వాసన ఇథిలీన్ గ్లైకాల్‌ది, కుక్క నాకిందంటే కిడ్నీలు పోతాయి. మీ పార్కింగ్‌లో కారితే మీరూ అలా వదిలేయకండి.

బండిని ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ లారీ వచ్చేసరికి చీకటి పడింది. ఎక్కించడానికి ముందు చక్రాల కింద చెక్కలు పెట్టడం, బంపర్ గీసుకుంటుందని నేను అరవడం, అదంతా వేరే కథ.

ఇక అసలు విషయం. గ్యారేజీలో బంపర్ విప్పేదాకా నేను ఆ టిప్పర్ వాణ్నే తిడుతున్నాను. విప్పాక మెకానిక్ నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. ఈ కార్లలో రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్, అంటే ఏసీ గ్యాస్‌ను చల్లబరిచే పలక, నిలబెట్టి ఉంటుంది, రెండింటికీ మధ్య వేలెడు సందు. టిప్పర్ రాయి తగిలింది కండెన్సర్‌కు. దాని మీది పలుచటి పట్టీలు, ఫిన్‌లు, రెండు మూడు వంగాయి, అంతే, గ్యాస్ కూడా పోలేదు. చిల్లు పడింది దాని వెనక రేడియేటర్‌కు, అదీ అడుగున. ఆ సందులో అడుగు భాగం అంతా నల్లటి ముద్ద. స్క్రూడ్రైవర్‌తో గీరితే తడి టీపొడిలా ఊడి పడింది. న్యూస్‌పేపర్ మీద పరిచి చూశాం. ఎండిన ఆకులు, రాగి పొట్టు, ఉలవ కాయల తొక్కలు, ఒక కాకి ఈక, సగం చిప్స్ ప్యాకెట్, గులాబీ రంగు పూల రేకులు. ఆ రేకులు బెంగళూరు రోడ్ల పక్కన ఉండే టబేబుయా చెట్లవి. ఆ చెత్త ఏళ్ల తరబడి వాననీళ్లు పీల్చుకుని రేడియేటర్‌కు తడిగుడ్డ చుట్టినట్టు పట్టుకుని ఉంది. అల్యూమినియం ట్యూబులు అక్కడ తెల్లగా పొడిపొడిగా పూసిపోయి ఉన్నాయి. "రాయి కొట్టకపోయినా ఇంకో రెండు నెలల్లో పోయేదే సార్" అన్నాడు. టిప్పర్ వాడికి మనసులోనే సారీ చెప్పుకున్నాను. టార్పాలిన్ విషయంలో మాత్రం సారీ లేదు.

రేడియేటర్ మార్పించడం గురించి క్లుప్తంగా. షోరూమ్‌లో రేడియేటర్‌తో పాటు కండెన్సర్లు కూడా మార్చాలన్నారు, ఆ కొటేషన్ చూసి బయటికొచ్చేశాను. బయటి గ్యారేజీలో కుడివైపుది ఒక్కటి కొత్తది వేయించి, ఎడమవైపుది కడిగించి అలాగే ఉంచాను. పార్ట్ రావడానికి మూడు వారాలు. కూలెంట్ నింపేటప్పుడు మాత్రం వాక్యూమ్ పంపు ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. ముందు సిస్టమ్‌లో గాలంతా లాగేసి, పంపు గేజ్‌లో ముల్లు పడిపోకుండా నిలబడుతుందా అని చూసి, లీకు లేదని తేలాకే కూలెంట్ లోపలికి పీల్చనిస్తారు. ఇంత పొడవు పైపులున్న బండిలో మగ్గుతో పోస్తే ఎక్కడో ఒక చోట గాలి బుడగ నిలిచిపోతుంది. ఇంకొకటి, బోరు నీళ్లు కలపనివ్వకండి. మన బెంగళూరు బోరు నీళ్లు గీజర్ రాడ్‌కు ఏం చేస్తాయో రోజూ చూస్తూనే ఉన్నాం కదా.

రేడియేటర్ పని అయ్యాక జాలి పెట్టించాను. విదేశం నుంచి తెప్పించిన రెడీమేడ్ కిట్. నల్ల కోటింగ్ వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, గడి 6 మి.మీ., తీగ మందం 1 మి.మీ. ఈ గడి లెక్క ముఖ్యం. గడికి ఆరు, తీగకు ఒకటి అంటే ఏడులో ఆరు, పొడవుకూ వెడల్పుకూ అలాగే లెక్కేస్తే సుమారు 73 శాతం తెరిచే ఉంటుంది. అదే గడి 3 మి.మీ. తీసుకుంటే 56 శాతానికి పడిపోతుంది. నేను కిట్ రాకముందు తొందరపడి బెంగళూరు జేసీ రోడ్డులో కిటికీలకు వేసే దోమల జాలి ముక్క కొని జిప్ టైలతో (ప్లాస్టిక్ పట్టీలతో) కట్టి చూశాను. వారం తిరక్కుండా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రేడియేటర్ ఫ్యాన్ విమానంలా అరవడం మొదలెట్టింది. విప్పి చూస్తే పురుగులు, దుమ్ము కలిసి అట్ట కట్టింది. ఆ తెలివితక్కువ పని మీరు చేయొద్దు.

కిట్ వేశాక మొదటి ఏడాది నేను దాన్ని మోసిన మోత అంతా ఇంతా కాదు. కనపడినవాళ్లకల్లా చెప్పాను, ఈ బండికి పెట్టిన ఖర్చుల్లో ఇదొక్కటే పనికొచ్చిందని. రుజువు కూడా ఉంది. 2023లో కోలారు వైపు పోతుంటే ఎదురుగా వచ్చిన లారీ చక్రం కింది నుంచి రాయి ఎగిరి ఎడమవైపు కొట్టింది. ఇంటికొచ్చి చూస్తే జాలిలో బొటనవేలు గోరంత గుంట. తీగలు లోపలికి వంగి ఉన్నాయి గానీ ఒక్కటీ తెగలేదు. ఆ గుంటను సరిచేయనివ్వలేదు నేను. ఆ పక్కనున్నది నేను పిసినారితనంతో ఉంచుకున్న పాత రేడియేటర్, దానికి ఆ దెబ్బ నేరుగా తగిలి ఉంటే ఇంకో మూడు వారాలు ఆటోలో తిరగాల్సి వచ్చేది. టెంపరేచర్ గేజ్‌లో తేడా లేదు. ఏసీ కూలింగ్‌లో మే నెల మధ్యాహ్నం తప్ప తేడా తెలియలేదు. అదీ నా అనుమానమే కావచ్చు. ఫ్యాన్ కొంచెం ఎక్కువసేపు తిరుగుతుంది, అది మాత్రం నిజం.

ఇప్పుడు మూడేళ్ల తర్వాత ఆ మోత కొంచెం దించాల్సి వస్తోంది.

ఒకటి, జాలి వల్ల చప్పుడేమీ లేదని అప్పట్లో అందరికీ చెప్పాను, ఉంది. తొంభై దాటితే సన్నటి ఈల. పాటలు పెట్టుకునేవాళ్లకు వినపడదు, నాకు ఒకసారి విన్నాక ఇక వినపడకుండా పోలేదు.

రెండోది ఇంకా పెద్దది. నా బండి పార్క్ చేసేది తురాయి చెట్టు కింద. అద్దె ఇల్లు, కవర్డ్ పార్కింగ్ లేదు. బెంగళూరులో చెట్ల మీద ఫిర్యాదు చేస్తే పాపం తగులుతుంది, 1980లలో నెగిన్‌హాళ్ అనే అటవీ అధికారి పట్టుబట్టి లక్షల్లో నాటించబట్టే ఇంకా ఎండలో నిలబడగలుగుతున్నాం. కానీ తురాయి ఆకు అంటే చింతాకంత. 6 మి.మీ. గడిలోంచి దర్జాగా లోపలికి పోతుంది. జాలి పెద్ద ఆకుల్ని, కవర్లని, గడ్డిని ఆపింది, సందేహం లేదు. చిన్న ఆకుల్ని లోపలికి పంపి, వాటిని నా కళ్లకు కనపడకుండా దాచింది కూడా. ఇంతకు ముందు జాలి లేనప్పుడు కనీసం వాక్యూమ్ క్లీనర్ పైపు పెట్టి లాగే వీలుండేది, నేనెప్పుడూ లాగలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు బంపర్ విప్పకుండా ఏమీ చేయలేం. జాలి ఉంది కదా అని నేను రెండేళ్లు విప్పించలేదు. మొన్న ఫిబ్రవరిలో విప్పిస్తే కుడివైపు సందులో అడుగున మళ్లీ అదే టీపొడి, ఈసారి అరచెయ్యంత. కొత్త రేడియేటర్ అదృష్టవశాత్తు ఇంకా శుభ్రంగానే ఉంది.

మూడోది చూసి నాకు చెమటలు పట్టాయి. కిట్‌తో ఇచ్చిన జిప్ టైలు రెండు ఎండకు పెళుసెక్కి విరిగిపోయాయి. జాలి పైమూల లోపలికి వాలి, బండి ఊగినప్పుడల్లా కండెన్సర్‌ను రుద్దుతోంది. ఫిన్‌లు ఒక రూపాయి బిళ్లంత మేర అరిగి మెరుస్తున్నాయి. ఇంకో వర్షాకాలం గడిస్తే కాపాడటానికి పెట్టిందే చిల్లు పెట్టేది. కంచే చేను మేయడం అంటే ఇదే. ఇప్పుడు ఆ అంచులకు రబ్బరు బీడింగ్ తొడిగించి, ఎండకు తట్టుకునే నల్ల టైలు వేయించి, కింద రెండు చోట్ల క్లాంపులు పెట్టించాను. కిట్‌తో పాటే ఇవి ఇచ్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేదో.

కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాటర్ సర్వీస్ కుర్రాడు ఉత్సాహంగా మూతి దగ్గర పెట్టి కొడితే ఫిన్‌లన్నీ కాగితంలా పడుకుంటాయి, రాయి చేసే నష్టం కంటే అది ఎక్కువ. బంపర్ విప్పాక కండెన్సర్ బోల్టులు వదులు చేసి ముందుకు వంచి, మెత్తటి బ్రష్‌తో, మామూలు పైపు నీళ్లతో వెనక నుంచి ముందుకు. నా గ్యారేజీలో దీనికి ఒక పూట పడుతుంది.

మరి కొనాలా వద్దా అంటే, నేనైతే మళ్లీ కొంటాను. నేను ఏడాదికి నాలుగుసార్లు ఊరికి పోతాను, గడ్డి, జల్లి, టిప్పర్లు తప్పవు, పైగా పాత రేడియేటర్ ఒకటి ఇంకా ఉంది. మీ బండి బేస్‌మెంట్‌లో పడుకుని ఆదివారం పొద్దున నంది హిల్స్ దాకా పోయి వచ్చేదైతే ఆ డబ్బుతో ఏటా ఒకసారి బంపర్ విప్పించి శుభ్రం చేయించడమే మేలేమో. రెండూ చేయగలిగితే ఇంకేం. కొత్తవాళ్లు ఎవరైనా ఇలాంటి బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే మాత్రం ఇంజన్ సౌండ్ వినేముందు టార్చి తీసుకుని ఆ మూలల్లోకి చూడండి. అమ్మేవాడు ఎందుకు సార్ అంటాడు, అననివ్వండి.

పోయిన వారం ఊరికి వెళ్తే నాన్న మళ్లీ గొంతుక్కూర్చుని జాలిని వేలితో తట్టి, ఆ గుంట మీద బొటనవేలు పెట్టి చూశారు. "ఎంతయింది?" అన్నారు. సగానికి సగం తగ్గించి చెప్పాను. అయినా ట్రాక్టర్ వైపు చూశారు.