చెల్కల్లో గుర్రపు స్వారీ క్లబ్: మూడేళ్లు ఎక్కి దిగాక చెబుతున్న మాట

దేవరకొండ వైపు రైతుబిడ్డలు కలిసి పెట్టుకున్న క్లబ్ ఇది. మూడు మార్వాడీ గుర్రాలు, ఒక రేకుల కొట్టం, పల్లి పీకేసిన ఎర్రచెల్క. స్వారీ నేర్చుకోవడానికి మంచి చోటు, సందేహం లేదు. చెల్క మెత్తగా ఉండి గుర్రం కాళ్లకు అదురు తగలదు, పడ్డా మనిషికి దెబ్బ కొంత తగ్గుతుంది. మొదటి ఏడాది లోపాలన్నీ ఒక్క పొరపాటు నుంచే వచ్చాయి: గుర్రాన్ని ఎద్దులాగా చూశారు.

ఎద్దుకు నాలుగు అరల పొట్ట, నెమరు ఉన్నాయి. గుర్రానికి కడుపు చిన్నది, వాంతి చేసుకోలేదు. పొద్దున ఒక మోపు, మాపటికి ఒక మోపు పడేస్తే కడుపుశూల రావొచ్చు. అప్పుడు ముందుకాలితో నేల గీకుతుంది, తిరిగి డొక్క చూసుకుంటుంది, పొర్లుతుంది. వరిగడ్డి ఒక్కటే వేసినన్నాళ్లు లద్ది గట్టిగా, తక్కువగా పడేది. ఇప్పుడు 350 కిలోల గుర్రానికి రోజుకు 7 కిలోల ఎండుమేత, అంటే బూజు లేని పల్లి కట్టె, నరికిన జొన్న చొప్ప, నాలుగైదు విడతల్లో వేస్తున్నారు. పైన ఉడికించిన ఉలవలు కొద్దిగా. నీళ్లు 30, 40 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. మేత మార్చాలంటే వారం పది రోజులు పాత దాంట్లో కొత్తది కలుపుతూ పోవాలి.

మన దగ్గర ముఖ్యంగా చెప్పాల్సింది ఆముదాల గురించి. కల్లంలో ఆరబోసిన గింజలు గుర్రం నోటికి అందితే ప్రాణం పోతుంది. కోళ్ల దాణా సంచులు కూడా కొట్టంలో పెట్టకూడదు. అందులో కలిపే మొనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేస్తుంది కానీ గుర్రం గుండె కండరాన్ని పాడుచేస్తుంది. పశువుల దాణాలోనూ ఉండొచ్చు, సంచి మీది చీటీ చదవాలి.

జీను దగ్గర వీళ్లు బాగా నేర్చుకున్నారు. మనిషి ఎక్కాక కూడా మూపుకూ జీనుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. కడుపు పట్టీ బిగించేటప్పుడు గుర్రం ఊపిరి బిగబడుతుంది, అందుకే పది అడుగులు నడిపించి మళ్లీ బిగిస్తారు. దించాక వీపు చూడండి: చెమటతో తడిసిన చోట నడుమ అరచేయంత పొడి మచ్చ మిగిలితే, జీను అక్కడ నొక్కుతోంది. ఆ చోట తెల్లవెంట్రుకలు మొలిస్తే నొక్కుడు చాలా రోజులదే. రికాబు, అంటే పాదం పెట్టే ఇనుప కడియం, దాని పొడుగుకు కొలత సులువు: చెయ్యి చాచి వేళ్ల కొసలు పైన పట్టీ మొదట్లో ఆనిస్తే రికాబు చంకకు తగలాలి. మడమ లేని బూట్లు, చెప్పులు వద్దు. పాదం రికాబులోంచి అవతలికి జారి ఇరుక్కుంటే, పడ్డ మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు, అంటే ఇక్కడ 70 కిలోలు. తూకం అడగడానికి మొహమాటపడి భారీ మనుషుల్నీ ఎక్కిస్తున్నారు. పాపం, నోరులేని జీవం. నాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు విప్పి, డెక్క చెక్కి మళ్లీ కొట్టాలి, పనుల రోజుల్లో అది మూడు నెలలకు పోతోంది. ఎడ్లకు నాడాలు కొట్టే చేతికి గుర్రం డెక్క అప్పగించడమూ సరికాదు. మేకు లోపలికి పోతే కుంటుతుంది. ఇంకొకటి, చేలల్లో గట్టు లేని పాత బావులు, పందులకు కట్టిన తీగలు ఉంటాయి. దౌడు తీసే ముందు ఆ దారంతా ఒకరు కాలినడకన తిరిగి రావాలి.

టీకాల విషయంలో పర్వాలేదు. ధనుర్వాతం టీకా గుర్రాలకు వేయిస్తున్నారు, ఎక్కేవాళ్లూ వేయించుకోవాలి. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ జబ్బు రక్తపరీక్ష చీటీ అడిగి చూడండి, అది మనుషులకూ అంటుకునే జబ్బు.

కొత్తగా వెళ్లేవాళ్లు జీను వేయకముందే డెక్క ఎత్తి చూపించమనండి. ఇనుప కొక్కెంతో మడమ వైపు నుంచి కొసకు గీరాలి. మధ్యలో వి ఆకారపు మెత్తటి భాగం గట్టి రబ్బరులా ఉంటే మంచిది. నల్లటి జిగురు, కుళ్లు వాసన ఉంటే ఆ గుర్రాన్ని ఆ రోజు కొట్టంలోనే ఉంచమనండి.