నోడ్ జేఎస్: నాలుగేళ్లు వాడాక నా కోపం ఒక్కదాని మీదే

నోడ్ అంటే జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట, సర్వర్ మీద నడిపేది. దాన్ని ఇన్‌స్టాల్ ఎలా చేయాలి, ఎక్స్‌ప్రెస్ అనే లైబ్రరీతో మొదటి పేజీ ఎలా చూపించాలి, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి, నేను వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: ప్రామిస్ (తర్వాత వచ్చే జవాబుకు ముందే ఇచ్చే మాటలాంటిది) ఫెయిలై, ఆ తప్పును మన కోడ్‌లో ఎక్కడా పట్టుకోకపోతే నోడ్ ఏం చేస్తుందో కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్పాలి. నాకెవరూ చెప్పలేదు.

2020 లాక్‌డౌన్‌లో నెల్లూరు జిల్లా విడవలూరు దగ్గర మామ వాళ్లింట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టాను, అప్పుడు నోడ్ వెర్షన్ 14. బ్రౌజర్లో జావాస్క్రిప్ట్ రాయడం వచ్చు, సర్వర్ అంటే మాత్రం భయం. మామకు పదకొండు రొయ్యల గుంటలు. పగలు ఆక్సిజన్ ఇచ్చే ప్లాంక్టనే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. కాపలా మనిషి మీటరు పెట్టి చూసి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతుందో ఫోన్లో కొడతాడు. అది 4 కంటే తగ్గినా, అసలు రీడింగే రాకపోయినా సర్వర్ మామకు ఎస్ఎంఎస్ పంపాలి. అంతే పని. వచ్చిన భాషే కాబట్టి రెండు వారాల్లో తయారైంది. ఒకే థ్రెడ్ మీద, అంటే ఒక్క పనివాడిలా నడుస్తూ, ఒకరి జవాబు కోసం ఆగినప్పుడు ఇంకొకరి పని చూసుకునే ఆ పద్ధతి చూసి నిజంగా మురిసిపోయాను. అతి చిన్న సర్వర్ మీద మూడేళ్లు ఇబ్బంది లేకుండా నడిచింది.

2023 ఏప్రిల్లో 14కి సపోర్ట్ అయిపోయింది, 18కి మారాను. వేరే సర్వర్‌కు రిక్వెస్ట్ పంపే ఫెచ్ అందులోనే ఉంది, వేరే ప్యాకేజీ తీసేయొచ్చని సంతోషం. ఏమీ విరగలేదు, అన్నీ పనిచేస్తున్నాయి అనుకున్నా.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఏడో గుంటలో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) మళ్లీ తిరగలేదు, అక్కడి మనిషి నిద్రపోయాడు, రాత్రి రెండు గంటల రీడింగ్ రాలేదు. రెండున్నరకల్లా మామ ఫోను మోగాలి. మోగలేదు. పక్క గుంట కాపలా ఆయన ఏరియేటర్ చప్పుడు వినిపించట్లేదేంటని టార్చి వేసుకుని వచ్చి చూస్తే రొయ్యలు గట్టు వారకు చేరి నీటిమీద తేలుతున్నాయి. ఆయన పరిగెత్తి మోటార్లు వేశాడు కాబట్టి చాలావరకు దక్కాయి. పొద్దున్నే మామ ఫోన్ చేసి "ఏందబ్బయా, రాత్రి నీ మెసేజ్ రాలేదే" అన్నాడు, గొంతులో కోపం కూడా లేదు, అదే నాకు ఎక్కువ బాధ.

సర్వర్ ఏం చేసిందో రాసుకునే లాగ్ తెరిచాను. రాత్రి 1:40కి మూడో గుంట నుంచి 3.8 వచ్చింది, సర్వర్ ఎస్ఎంఎస్ పంపబోయింది, అవతలి కంపెనీ సర్వర్ అందలేదు, ఫెచ్ ఫెయిల్ అయింది. కింద ఇంకేమీ లేదు. ప్రోగ్రామే పోయింది. పది నిమిషాలకోసారి పని నడిపే సెట్‌ఇంటర్వల్లో, ప్రామిస్ ఇచ్చే అసింక్ ఫంక్షన్ పెట్టాను, దానికి తప్పును పట్టుకునే క్యాచ్ లేదు. నోడ్ 14లో అయితే ఒక హెచ్చరిక రాసి ముందుకు పోయేది, పది నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నించేది. 15 నుంచి పట్టుకోని ప్రామిస్ తప్పు మొత్తం ప్రోగ్రామును ఆపేస్తుంది. అంటే నా తప్పు మూడేళ్లుగా అక్కడే ఉంది, పాత లాగుల్లో ఆ హెచ్చరికలు వరసగా కనిపించాయి, నేనే చదవలేదు. ఆలోచిస్తే కొత్త పద్ధతే సరైనది, తప్పును దాచిపెట్టడం కంటే ఆగిపోవడం మేలు. కానీ ఆగిపోయినదాన్ని మళ్లీ లేపే ఏర్పాటు చూపించకుండా "అవైట్ (ప్రామిస్ జవాబు వచ్చేదాకా ఆగమనడం) రాస్తే చాలు" అని నేర్పే పాఠాల మీద నా కోపం పోలేదు.

ఇప్పుడు ప్రతి అవైట్ చుట్టూ ట్రై క్యాచ్ ఉంది, లినక్స్‌లో ప్రోగ్రాములను చూసుకునే సిస్టమ్‌డీలో, ఆగిపోతే మళ్లీ లేపేలా రీస్టార్ట్ ఆల్వేస్ పెట్టాను, సర్వర్ పదిహేను నిమిషాలు పలకకపోతే వేరే మెషీన్ నుంచి నాకు ఫోన్ వస్తుంది. ఫెచ్ గురించి కూడా ఒక మాట. అవతల సర్వర్ 500 (నా లోపల తప్పు జరిగింది) అన్నా అది ఎర్రర్ ఇవ్వదు, రెస్పాన్స్ ఓకే అవునో కాదో మనమే చూసుకోవాలి, ఈ సంగతి ఇంకో రాత్రి తెలిసింది. ఒకే థ్రెడ్ అని మురిసిపోయాను కదా, నెలాఖరు లెక్కలు ఒక పెద్ద లూపులో వేస్తే ఆ అర నిమిషం గుంటల దగ్గర ఏ ఫోనూ కదల్లేదు, దాన్ని తీసి విడి ప్రోగ్రాములో పెట్టాల్సొచ్చింది.

బ్రౌజర్ జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్లు సర్వర్ వైపు రావాలంటే నేను నోడే మొదలుపెట్టమంటాను. నాది పదకొండు గుంటల పని, రాసేది నేనొక్కణ్నే, పోతే మామ దగ్గరే మాట పడతాను. పెద్ద లెక్కలుండే పని అయితే ఇంత ధైర్యంగా చెప్పను. మామ మాత్రం ఇప్పటికీ మూడింటికి అలారం పెట్టుకునే పడుకుంటాడు, నేనూ వద్దనలేదు.