బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా ‘33’: ఎన్నిసార్లు చూసినా తగ్గని టెన్షన్

2004లో మొదలైన కొత్త బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌లో మొదటి ఎపిసోడ్ ఇది. ఏళ్లుగా మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కథంతా కంఠతా వచ్చేసినా కూర్చున్న చోటు నుంచి లేవనివ్వదు. (కథ మొత్తం చెప్పేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగండి.)

మనుషులు తయారుచేసిన, తర్వాత వాళ్ల మీదే తిరగబడ్డ యంత్రాలు సైలాన్లు. వాటి దాడిలో మిగిలిన యాభై వేల మంది అంతరిక్ష ఓడల్లో పారిపోతుంటారు. ఎక్కడికి జంప్ చేసినా (అంటే ఒక్క క్షణంలో అంతరిక్షంలో దూరంగా ఇంకోచోటికి దూకినా) సరిగ్గా 33 నిమిషాలకు సైలాన్లు వచ్చి పడతాయి. ఐదు రోజులకు పైగా ఇదే వరస, అప్పటికి 237 జంప్‌లు. ఎవరికీ కంటి మీద కునుకు లేదు. 33 నిమిషాలే ఎందుకో ఎపిసోడ్‌లో చెప్పరు. చెప్పకపోవడమే మంచిదైంది. కారణం తెలిస్తే దాన్ని పట్టుకుని ఆలోచిస్తాం, తెలియకపోతే వాళ్లలాగే గడియారం వైపు చూస్తూ ఉంటాం.

మొదటిసారి నన్ను పట్టేసింది యుద్ధమే. ఇప్పుడు చూస్తున్నది అలసట. రోనాల్డ్ మూర్ రచన, మైకేల్ రైమర్ దర్శకత్వం రెండూ దాన్నే నమ్ముకున్నాయి. గడ్డాలు మాసిపోయిన మొహాలు, చిన్న మాటకే వచ్చే చిరాకు, మెలకువగా ఉండటానికి పైలట్లు మింగాల్సిన మాత్రలు. ఆ మాత్రల దగ్గర పైలట్లు స్టార్‌బక్, లీ గొడవపడే సీన్‌లో ఇద్దరూ అలసిపోయి ఉన్నారని ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. యుద్ధనౌక గెలాక్టికా కమాండర్, లీ తండ్రి అడామాగా ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ గొంతు పెంచకుండానే గదినంతా నిలబెడతాడు.

అసలు బరువంతా ఒలింపిక్ క్యారియర్ మీద ఉంది. 1,345 మంది ఉన్న ఆ ప్రయాణికుల ఓడ జంప్‌లో వెనకబడిపోతుంది. అది లేనప్పుడు 33 నిమిషాలు దాటినా సైలాన్లు రావు. అది తిరిగి రాగానే వస్తాయి. ఓడలో అణుబాంబులున్నట్టు సంకేతాలు. దాన్ని కూల్చెయ్యాలని నిర్ణయిస్తారు, కాల్చాల్సింది లీ, స్టార్‌బక్. లోపల మనుషులు ఉన్నారో లేరో మనకు తేల్చి చెప్పరు. ఎన్నిసార్లు చూసినా నేను ఒక నిర్ణయానికి రాలేకపోయాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను: నిద్రలేని బుర్రతో తీసుకున్న ఇలాంటి నిర్ణయాన్ని ఇంత నిజాయితీగా చూపించిన సైన్స్ ఫిక్షన్ నేను ఇంకోటి చూడలేదు.

అధ్యక్షురాలు రోస్లిన్ బోర్డు మీద రాసే ప్రాణాల లెక్క ఇంకో గొప్ప ఆలోచన. ఆవిడ నిన్నటిదాకా విద్యాశాఖ చూసుకున్న మనిషి, పదవికి వరసలో 43వ స్థానం, ముందున్నవాళ్లంతా దాడిలో పోయాక అధ్యక్షురాలైంది. 50,298తో మొదలైన లెక్క తగ్గుతూ పోతుంది. చివర్లో ఒక బిడ్డ పుట్టిందని తెలిసి ఆవిడ ఒకటి కలుపుతుంది: 47,973. మేరీ మెక్‌డానెల్ మొహంలో ఆ క్షణం కోసమే కొన్నిసార్లు చివరి పది నిమిషాలు పెట్టుకుంటాను.

లోటు ఒకటుంది. సైలాన్ల చేతికి చిక్కిన కాప్రికా గ్రహం మీద గెలాక్టికా అధికారి హీలో చిక్కుకున్న భాగం సిరీస్‌కి అవసరమే కానీ, ఇక్కడ గడియారం బిగిని సడలిస్తుంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు విసుగే.

2005లో హ్యూగో అవార్డు వచ్చింది, న్యాయమే. అయితే నేరుగా దీంతో మొదలుపెట్టకండి. ముందు 2003 మినీసిరీస్ చూడండి. అది చూడకపోతే లీకీ తండ్రికీ మధ్య దూరం అర్థం కాదు, ఆ కాల్పుల ఆదేశం తగలాల్సినంత గట్టిగా తగలదు.